32 పేజీల తెలుగు కామిక్: రాసేవాళ్లు, గీసేవాళ్లు పని ఎట్ల పంచుకోవాల, పేజీకి ఎంత అడగాల?

గంగమ్మ స్క్రిప్టు (తిరుపతి)

అందరికీ నమస్కారం. తాతయ్యగుంట గంగమ్మ జాతర వెనకున్న పాళెగాడి కథను 32 పేజీల రంగుల కామిక్‌గా తేవాలని పని మొదలుపెట్టినాం. ఊరిని పీడించే పాళెగాడిని గంగమ్మ రకరకాల వేషాల్లో వెతికి, దొరవేషంలో వచ్చి చంపే కథ ఇది. కథ, మాటలు నావి. బొమ్మలకు ఒక చిత్రకారిణి ఒప్పుకున్నారు. స్క్రిప్టు ఎంత వివరంగా ఇవ్వాల? పేజీకి ఎన్ని రోజులు పడతాయి? ఆమెకు ఎంత ఇస్తే న్యాయంగా ఉంటుంది? హక్కులు ఎవరికి? మాటలు చేత్తో రాయించాలా, ఫాంటు పెట్టాలా? పని తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పలమనేరు పెన్సిల్

అన్నా, స్క్రిప్టు కంటే ముందు పుస్తకం సైజు ఖాయం చేసుకోండి. సైజు తేలకుండా రాసిన స్క్రిప్టు సగం తిరగరాయాల్సొస్తాది.

మీ పుస్తకానికి క్రౌన్ 1/4 బాగుంటాది. 20×30 అంగుళాల షీటు ఎనిమిది ఆకులు చేస్తే వచ్చే సైజు. అంచులు కోసినాక దాదాపు 7.25×9.5 అంగుళాలు. చుట్టూ అర అంగుళం వదిలితే బొమ్మకు మిగిలేది 6.25×8.5. దాంట్లో మూడు వరుసలు, వరుసకు రెండు ప్యానెళ్లు (బొమ్మ గళ్లు) పెడితే ఒక్కోటి సుమారు 3 అంగుళాల వెడల్పు, 2.75 అంగుళాల ఎత్తు. మీ మాటలూ ఆమె బొమ్మలూ ఆ కాస్త చోటులోనే సర్దుకోవాల.

స్క్రిప్టులో ప్రతి పేజీకీ నంబరు, ప్రతి ప్యానెల్‌కీ నంబరు ఉండాల. ప్యానెల్ కింద ఎవరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని రెండు మూడు వాక్యాలు, ఆ తర్వాత మాటలు. ఒక ప్యానెల్‌లో ఒకే పని జరగాల. "తలుపు తోసి, కత్తి దూసి, జుట్టు పట్టుకునింది" అని ఒక్క ప్యానెల్‌కి రాస్తే గీసేవాళ్లు ఏది గీయాల? అవి మూడు బొమ్మలు. కథలు రాసి అలవాటున్నవాళ్ల చేతిలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

ఇంకోటి. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ముందు మాట్లాడే మనిషి ప్యానెల్‌లో ఎడమ పక్కనో, పైనో ఉండాల. పాళెగాడు కుడి పక్కనుండి ముందుగా మాట్లాడితే ఆయన బెలూన్ (మాటలు రాసే బుడగ) తోక గంగమ్మ ముఖం మీదుగా పోతాది. స్క్రిప్టులోనే "ఎడమ: పాళెగాడు, కుడి: గంగమ్మ" అని రాసిస్తే ఈ బాధ ఉండదు.

పేజీ తిప్పడం కూడా లెక్కలోకి తీసుకోండి. 1వ పేజీ కుడి పక్కన వస్తాది, బేసి పేజీలన్నీ కుడిపక్కే. చదివేవాళ్లు పేజీ తిప్పేది బేసి పేజీ చివర. కాబట్టి దాచిపెట్టాల్సిన బొమ్మ, అంటే దొరవేషం తీసేసి అమ్మవారు నిజరూపం చూపించే బొమ్మ, సరి పేజీ మొదట్లో రావాల. బేసి పేజీలో పెడితే ఎదురు పేజీ చదువుతుండగానే కంట్లో పడిపోతాది. రెండు పేజీలు కలిపి పెద్ద బొమ్మ కావాలంటే 16, 17 పేజీలు వాడుకోండి. పిన్ను కొట్టే పుస్తకంలో నడిమధ్య షీటు అదొక్కటే. మిగతా చోట్ల ఎడమ సగం ఒక కాగితం మీద, కుడి సగం ఇంకో కాగితం మీద అచ్చవుతాయి. మడతలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ముఖం చీలిపోతాది.

అక్షరాల అక్క

పెన్సిల్ గారు సైజు చెప్పారు కాబట్టి మాటల లెక్క చెప్తాను. ఇంగ్లీషు కామిక్స్‌లో 7, 8 పాయింట్ల అక్షరాలు సరిపోతాయి. తెలుగులో ఆ సైజు చదవలేం, వత్తులు ముద్దకట్టేస్తాయి. అచ్చులో 10.5 పాయింట్లు పెట్టండి. వరుసకూ వరుసకూ 15 పాయింట్లు వదలండి. అంతకంటే తగ్గిస్తే పై వరుసలో "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల కింది వత్తులు, కింది వరుసలోని గుడి దీర్ఘాలకు తగులుకుంటాయి.

ఇప్పుడు మీ కథలోనే ఒక ప్యానెల్ అనుకుందాం. గంగమ్మ దొరవేషంలో పాళెగాడి వాకిట్లో నిలబడి ఉంది. బెలూన్‌లో ఇలా రాశారనుకోండి:

"నేను ఈ ఊరి ప్రజలందరినీ పీడించిన పాళెగాడిని వెతుక్కుంటూ ఇన్ని వేషాలు వేసి ఈరోజు దొరవేషంలో ఇక్కడికి వచ్చాను."

పద్నాలుగు మాటలే. కానీ 46 అక్షరాలు. అంగుళమున్నర వెడల్పు బెలూన్‌లో వరుసకు తొమ్మిది, పది అక్షరాల కంటే పట్టవు. ఐదు వరుసలవుతుంది. ఐదు పదిహేనులు 75 పాయింట్లు, అంటే అంగుళం పైచిలుకు. బెలూన్ అంచు కలిపితే 1.3 అంగుళాలు. ప్యానెల్ ఎత్తే 2.75. సగం ప్యానెల్ మాటలకే పోయింది, దొర తలపాగా గీయడానికి చోటు లేదు. పైగా వేషం బొమ్మలో కనిపిస్తూనే ఉంది, వెతుకుతున్న సంగతి ముందు పేజీల్లో చూశాం. అదే ఇలా ఉంటే:

"దొర వచ్చినాడని చెప్పు. బయటికి రమ్మను."

పదహారు అక్షరాలు, రెండు వరుసలు. బొమ్మకు గాలి ఆడుతుంది. అందుకే తెలుగులో మాటలు కాకుండా అక్షరాలు లెక్కపెట్టుకోండి. ఆరు ప్యానెళ్ల పేజీలో ఒక బెలూన్‌కు 25 అక్షరాలు, ఒక ప్యానెల్‌కు రెండు బెలూన్లు దాటకుండా చూస్తే పేజీ నిలబడుతుంది.

బెలూన్ చోటు పెన్సిల్ దశలోనే వదలాలి. బొమ్మంతా అయ్యాక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బెలూన్ అతికించడం వల్లే మన తెలుగు కామిక్ పేజీలు చాలావరకు చెడిపోతాయి. చిత్రకారిణికి ఇచ్చే స్కెచ్ మీద అసలు ఫాంటులో, అసలు సైజులో మాటలు పెట్టి ఇవ్వండి. ఆ చోటు వదిలి ఆమె గీస్తారు. ఈ ఒక్కటి పాటిస్తే చాలు, సగం కష్టం తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ఇంకా పాతవాటిలో అదే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. ఇవి పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కకొస్తాయి. డబ్బు పెట్టలేకపోతే ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు సరిగ్గానే చూపిస్తుంది. ఏ ఫాంటు తీసుకున్నా ముందు "ఉజ్జ్వల, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, కృష్ణ, సౌఖ్యం" టైపు చేసి, 10.5 సైజులో కాగితం మీద ప్రింటు తీసి చూడండి. స్క్రీన్ మీద పెద్దదిగా చేసి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. మండలి, మల్లన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లావు అక్షరం కాబట్టి పేరుకూ, అరుపులకూ వాడండి, మామూలు మాటలకు వద్దు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేయించే పనైతే ఫైలు పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా మార్చండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులే వస్తాయి.

లీలామహల్ సెంటర్

అక్కా, చేత్తో రాసిన అక్షరానికి ఉండే జీవం ఫాంటుకి ఎట్లొస్తాది? బాపు గారి రాత చూడగానే అది ఎవరిదో తెలిసిపోతాది. కామిక్ అంటే బొమ్మా అక్షరమూ ఒకే చేతి నుంచి రావాల గదా.

అక్షరాల అక్క

గీసేవారి రాత బాగుంటే తప్పకుండా చేతిరాతే మేలు, కాదనను. కానీ అసలు పేజీ మీద రాయకూడదు. పేజీ మీద లైట్ బాక్స్‌తో ఇంకో కాగితం పెట్టి, మాటలు దాని మీద రాసి, విడిగా స్కాన్ చేయాలి. అసలు పేజీ అచ్చుకు ఒకటిన్నర రెట్లు గీస్తారు కాబట్టి వరుసల మధ్య 8 మిల్లీమీటర్లు వచ్చేలా నీలి పెన్సిల్‌తో గీతలు కొట్టుకోవాలి. ఒక్క అక్షరం తప్పుపోతే పేజీ మొత్తం పాడవదు. అరుపులు, డప్పు మోత, గజ్జెల చప్పుడు మాత్రం ఎప్పుడూ చేత్తోనే రాయించండి. ఫాంటులో పెట్టిన "ఢాం" బొమ్మ మీద తేలిపోయి కనిపిస్తుంది.

ఇంకొక మాట. మీ పాత్రలు చిత్తూరు యాసలో మాట్లాడతాయి కదా. "ఉండాది" అని ఒకచోట, "వుండాది" అని ఇంకోచోట రాకుండా మొదటి రోజే ఒక పట్టిక రాసుకోండి. కథ చదవని మనిషి చేత ప్రూఫ్ దిద్దించండి. రాసినవాళ్ల కంటికి తమ తప్పు కనపడదు.

కలం కాళాస్త్రి

ఇక్కడ ఒక సంగతి చెప్పాల. మా శ్రీకాళహస్తి కలంకారీలో పెద్ద తెరల మీద రామాయణం, భారతం వరసగా గళ్లు కట్టి గీస్తారు. గడికి పక్కనే పట్టీలో తెలుగు అక్షరాలతో కథ రాస్తారు. నడిమధ్య ముఖ్యమైన ఘట్టం పెద్ద గడిలో ఉంటాది. గంగమ్మ కథకు ఈ పద్ధతి ఇంత దగ్గర్లో ఉండగా అమెరికా పేజీలు చూసి ఎందుకు గీయాల? అంచులకు అల్లికలు, పెద్ద కళ్లు, ఒకే మందం గీత, అన్నీ తీసుకోవచ్చు. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డకుండే లేత పసుపు రంగునే పేజీ నేలగా వాడుకోవచ్చు.

పలమనేరు పెన్సిల్

ఆలోచన చాలా బాగుంది అన్నా. అంచులూ, ముఖాలూ, నేల రంగూ తప్పకుండా తీసుకోవాల. నడిమధ్య పెద్ద గడి మాత్రం ఆలోచించి వాడాల. తెర ముందు నిలబడి కథ చెప్పేటప్పుడు ఇది మొదలు, తర్వాత ఇది అని చూపించేందుకు మనిషి ఉంటాడు. పుస్తకంలో ఎవరూ ఉండరు. కన్ను ముందు పెద్ద బొమ్మ మీద పడి, తర్వాత చుట్టూ ఏది చదవాలో తెలియక తిరుగుతాది. కాబట్టి మాటల్లేని పేజీకి ఆ అమరిక పెట్టండి. పాళెగాడు చచ్చినాక ఊరంతా జాతర చేసుకునే పేజీకి అచ్చంగా సరిపోతాది. కథ నడిచే పేజీల్లో వరుసలే మేలు.

కొర్లగుంట కలర్స్

రంగుల పథకం జాతర మీరు అడక్కుండానే ఇచ్చేసింది. బైరాగి వేషానికి ఒంటికి నామంసుద్ద, అంటే తెలుపు. బండవేషానికి కుంకుమ. తోటివేషానికి బొగ్గు. దొరవేషానికి గంధం. తెలుపు, ఎరుపు, నలుపు, గంధం. నాలుగు భాగాలకు నాలుగు రంగుల వాతావరణం వచ్చేసినట్టే, పుస్తకం తిరగేస్తేనే కథ ఎక్కడికొచ్చిందో తెలుస్తుంది.

కానీ అచ్చులో ప్రతిదానికీ ఒక చిక్కుంది. తెలుపు ఒళ్లు కాగితం తెలుపుగా వదిలేస్తే బెలూన్ తెలుపులో కలిసిపోతుంది. ఒంటికి 6 నుంచి 8 శాతం లేత బూడిదో, పసుపో కొట్టండి, బెలూన్ ఒక్కటే అసలు తెలుపు. కుంకుమకు మెజెంటా (గులాబీ ఎరుపు ఇంకు) 100 శాతం, పసుపు 90 చాలు. నీడల కోసం నలుపు కలపొద్దు, సియాన్ (లేత నీలి ఇంకు) 20 కలపండి. నలుపు కలిపితే ఎరుపు మట్టిరంగు అవుతుంది. బొగ్గు ఒళ్లు రాత్రి నేపథ్యంలో మాయమవుతుంది. దీపం వెలుగు ఒక పక్క పడేలా పెన్సిల్‌లోనే అనుకోండి. ఆర్ట్ పేపరు మీద నాలుగు రంగులు కలిపి 300 శాతం దాటనివ్వొద్దు, దాటితే ఇంకు ఆరదు, వెనక పేజీకి అంటుకుంటుంది. గంధానికి మెజెంటా 20, పసుపు 45 దగ్గర మొదలుపెట్టి ప్రూఫులో సరిచూసుకోండి. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ అచ్చులో రాదు. మొదటి నుంచే సీఎంవైకేలో, అంటే సియాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు అచ్చు రంగుల్లో పని చేస్తే ఆశ పెట్టుకోకుండా ఉంటారు.

గంగమ్మ స్క్రిప్టు (తిరుపతి)

ఇవన్నీ ఎవరూ ఒకచోట చెప్పినవి కావు, అందరికీ కృతజ్ఞతలు. ఇంక రోజులూ డబ్బులూ సంగతి చెప్పండి. ఆమె పెన్సిల్ నుంచి రంగు దాకా ఒక్కరే చేస్తారు.

స్టోరీబోర్డు (చిత్తూరు)

ఒక్కరే చేస్తారంటే లెక్క గంటల్లో వేసుకోవాల. వివరంగా ఉండే పేజీకి పెన్సిల్ 7 గంటలు, దాని మీద ఇంకుతో గీయడం 5, స్కాన్ చేసి శుభ్రం చేయడం 1, రంగులు 5, బెలూన్లు, మాటలు 2. మొత్తం 20. రోజుకు పది గంటలు బల్ల దగ్గర కూర్చున్నా చేయి నిజంగా పని చేసేది ఏడు గంటలే. ఆ పైన గీసిన గీతలు తెల్లారి చెరిపేయాల్సొస్తాది, మణికట్టూ పోతాది. కాబట్టి పేజీకి మూడు రోజులు. జాతర గుంపు ఉన్న పేజీలకు ఇంకా ఎక్కువే. 32 పేజీలకు 96 రోజులు. నెలలో గీసే రోజులు 20 కంటే పెట్టుకోవద్దు, మిగిలినవి దిద్దుబాట్లకు, ఫోన్లకు, వేరే చిన్న పనులకు పోతాయి. అంటే దాదాపు ఐదు నెలలు.

అమెరికాలో నెలకొక పుస్తకం ఎట్ల తెస్తారని అడుగుతారు. అక్కడ 20, 22 పేజీల పుస్తకానికి పెన్సిల్ ఒకరు, ఇంకు ఒకరు, రంగు ఒకరు, అక్షరాలు ఒకరు. పెన్సిల్ మనిషి మీద రోజుకొక పేజీ భారం. జపాన్ వారపత్రికల్లో వారానికి 18, 20 పేజీలు వస్తాయి, కానీ అవి నలుపు తెలుపు, నేపథ్యాలు గీసేందుకు సహాయకులుంటారు. ఒంటరిగా రంగుల్లో చేసేవాళ్లను ఆ లెక్కతో కొలవకూడదు.

రేటు ఎంతని మార్కెట్‌ను అడగొద్దు. ఆమె నెల ఖర్చును అడగండి. ఉదాహరణకు నెలకు 30,000 కావాలనుకుందాం. నెలకు తెమిలేది ఆరున్నర పేజీలు. పేజీకి 4,500 దగ్గర పడతాది. 32 పేజీలకు 1,44,000. కవరు విడిగా. కాగితాలు, ఇంకు, స్కానింగు ఖర్చు విడిగా. అంత ఇవ్వలేకపోతే రేటు తగ్గించమని అడగొద్దు, పని తగ్గించండి. నలుపు తెలుపు చేస్తే 5 గంటలు తగ్గి పేజీ రెండు రోజుల్లో అవుతాది. 24 పేజీలు చేసినా ప్రెస్సుకు ఇబ్బంది లేదు. అదే పని, అదే 32 పేజీలు, సగం రేటు అంటే మాత్రం మూడో నెలలో ఆమె వేరే పని ఒప్పుకోక తప్పదు, మీ పుస్తకం అక్కడే నిలిచిపోతాది. మన దగ్గర కామిక్స్ మొదలై ఆగిపోయేది ఎక్కువగా ఇందుకే. ప్రతిభ కొరత కాదు.

డబ్బు మూడు విడతలు. 30 శాతం ముందు, 30 శాతం పెన్సిళ్లన్నీ ఒప్పుకున్నాక, 40 శాతం పెద్ద ఫైళ్లు ఇచ్చే రోజు. అంతవరకు చూసుకునేందుకు చిన్న సైజు ఫైళ్లే పంపాల. దిద్దుబాట్లకు కూడా మాట అనుకోండి. చిన్న స్కెచ్ దశలో ఎన్ని మార్పులైనా ఉచితం. పెన్సిల్ అయినాక రెండుసార్లు. ఇంకు పడినాక ప్రతి మార్పుకూ డబ్బు. మధ్యలో పుస్తకం ఆపేస్తే చేసినంత వరకు డబ్బు, దానిపైన ఒప్పుకున్న శాతం. ఇవన్నీ వాట్సాప్‌లో మాట్లాడుకుంటే చాలదు.

పలమనేరు పెన్సిల్

స్కెచ్ దశ అంటే ఏంటో చెప్తా. ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్లు వచ్చేలా మడతపెడితే ఎనిమిది చిన్న పేజీలు. నాలుగు కాగితాలు చాలు, 32 పేజీల పుస్తకం మీ బల్ల మీద ఉంటాది. మనుషులు గుండ్రాలూ పుల్లలుగా ఉన్నా పర్లేదు. రాసినాయన, గీసేయమ్మ పక్కపక్కన కూర్చుని ఇక్కడే పోట్లాడుకోండి. ఈ దశలో ప్యానెల్ మార్చడానికి పది నిమిషాలు, ఇంకు తర్వాత రెండు రోజులు.

అసలు పేజీ ఏ3 మీద, 250 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత) పైన ఉన్న నున్నటి కార్డు మీద గీయండి. చవక కార్ట్రిడ్జ్ షీటు మీద ఇంకు పీచులో పాకుతాది. అచ్చులో మూడింట రెండు వంతులకు తగ్గుతాది కాబట్టి 0.2 మిల్లీమీటర్ల పెన్ను, అంటే మైక్రాన్ 005, గీత 0.13 అవుతాది. దగ్గర దగ్గరగా గీస్తే పూడిపోతాది. నీడలకు 03 కంటే సన్నది వద్దు, బయటి గీతకు 08 గానీ బ్రష్షు గానీ. పెన్సిల్ గీతలు రబ్బరుతో చెరిపితే ఇంకు నలుపు కూడా వెలిసిపోతాది. అందుకని లేత నీలి పెన్సిల్ వాడి, రంగుల్లో స్కాన్ చేసి, నీలం చానెల్ ఒక్కటి ఉంచుకుంటే పెన్సిల్ దాదాపుగా మాయమవుతాది. 600 డీపీఐలో స్కాన్ చేయండి. బూడిద రంగులో ఏ3 పేజీ 70 ఎంబీ దాకా వస్తాది, రంగుల్లో దానికి మూడింతలు. ఏ4 స్కానరే ఉంటే రెండు సగాలుగా, రెండు అంగుళాలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా చేసి కలపాల. కలిపేటప్పుడు బొమ్మను సాగదీసే ఆప్షన్ ఆపేయండి, లేకపోతే ప్యానెల్ గీతలు వంకర పోతాయి.

కోర్టు రోడ్డు (చిత్తూరు)

హక్కుల విషయం. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం మీ స్క్రిప్టు సాహిత్య కృతి, ఆమె బొమ్మలు కళాకృతి. రెండూ వేర్వేరు హక్కులు. ఇద్దరూ కలిసి చేశారు కదా అని మొత్తం పుస్తకం ఒకరిది కాదు. గంగమ్మ కథ జానపదం, దాని మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఒక రచయిత పుస్తకంలో రాసిన మాటలు, కల్పించిన పాత్రలు తీసుకుంటే అది వేరే సంగతి. జాతరలో పెద్దలు చెప్పేది విని మీ మాటల్లో రాసుకోండి.

హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. 19వ సెక్షన్. ఏ కృతి, ఏయే హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బు అని అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకు అని చట్టం అనుకుంటుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, అది తిరిగి వెళ్లిపోతుంది. చిత్రకారులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు అని 17వ సెక్షన్‌లో ఉంది. కవరు పెయింటింగ్ విషయంలో ఇది ముఖ్యం. ముందే కాగితం మీద పెట్టుకోండి.

హక్కులు వేరు, గీసిన కాగితం వేరు. అసలు పేజీలు అచ్చయ్యాక చిత్రకారిణికి తిరిగి ఇవ్వాలని ఒక వాక్యం రాయండి. పేరు వేసే హక్కు, కృతిని పాడుచేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద హక్కులు అమ్మేశాక కూడా ఉంటాయి. హక్కుల గడువు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. సూపర్‌మ్యాన్ హక్కులను 1938లో ఆ పాత్రను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ 130 డాలర్లకు రాసిచ్చేశారు. 1975లో గానీ వాళ్లకు ఏటా భృతి, పుస్తకం మీద పేరు రాలేదు. ఒక్క కాగితం మీద సంతకం ఎంత దూరం వెళుతుందో చూడండి.

మీ ఇద్దరికీ నా సూచన: పేజీ డబ్బు విడిగా ఇచ్చి, ఆ పైన అమ్మకాల్లో వాటా, యానిమేషన్, సినిమా హక్కుల్లో సగం సగం అని రాసుకోండి. ఇతర భాషల పుస్తకాలను కూడా అందులో పేర్కొనండి.

ప్రెస్సు మనిషి (తిరుపతి)

అచ్చు లెక్క చెప్తా. క్రౌన్ 1/4లో 20×30 షీటుకు ఒక పక్క 8 పేజీలు, రెండు పక్కలు 16. మీ 32 పేజీలు రెండు షీట్లు, నాలుగు పక్కలు. నాలుగు రంగులకు నాలుగు నాలుగ్గా 16 ప్లేట్లు. నలుపు ఒక్కటే అయితే 4. కవరు వేరే. 34 పేజీలు కావాలంటే కుదరదు, పిన్ను పుస్తకానికి నాలుగు గుణకారంలో ఉండాల. 36 అంటే అదనంగా ఆ నాలుగు పేజీల కోసం మళ్లీ ప్లేట్లు, మళ్లీ మిషను ఎక్కించడం. 300, 500, 1000 కాపీలకు మూడు కొటేషన్లు అడగండి. తక్కువ కాపీలకు డిజిటల్ ప్రింటే చవక పడొచ్చు.

ఫైలులో బొమ్మ అంచు దాటి 3 మిల్లీమీటర్లు అదనంగా ఉండాల. మాటలు బయటి అంచుకు 10 మిల్లీమీటర్ల లోపల ఉండాల, ఎందుకంటే పిన్ను పుస్తకంలో నడిమి షీట్లు బయటికి తోసుకొచ్చి కోతలో ఎక్కువ పోతాయి. అన్నిటికంటే ముఖ్యం, అక్షరాలు నలుపు 100 ఒక్కటే ఉండాల. ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) నలుపును అట్లే మార్చేస్తే నాలుగు రంగులూ కలిసిన నలుపు వస్తాది, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా వత్తు చుట్టూ ఎర్రగా, నీలంగా అంచు కనిపిస్తాది. పీడీఎఫ్ తెరిచి నలుపు ప్లేటు ఆపి చూడండి. మాటలన్నీ మాయమైతే సరిగా ఉన్నట్టు.

ఒక్క పుస్తకమే కాబట్టి పత్రిక రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తాది, అచ్చుకు ముందే తీసుకోండి.

గంగమ్మ స్క్రిప్టు (తిరుపతి)

ఒక చివరి ప్రశ్న. మన జిల్లాల్లో తమిళం చదివేవాళ్లు చాలామంది. వేలూరు, చెన్నై వైపు కూడా అమ్ముకోవచ్చు. తమిళంలో కూడా వేయాలంటే మళ్లీ 16 ప్లేట్లా?

ప్రెస్సు మనిషి (తిరుపతి)

అక్కర్లేదు. చందమామ 1947 జూలైలో మొదలైంది తెలుగు, తమిళం రెంటిలోనూ, బొమ్మలు అవే. మీరు మాటలన్నీ నలుపు ప్లేటులోనే ఉంచితే తమిళానికి మారేది నలుపు ప్లేట్లు నాలుగే. రెండు భాషలూ ఒకేసారి అచ్చు వేస్తే సియాన్, మెజెంటా, పసుపు మొత్తం కాపీలకు నడిపి, నలుపు దగ్గర సగంలో ప్లేటు మార్చొచ్చు. ఇది మీ ప్రెస్సులో మిషనును బట్టి ఉంటాది, నాలుగు రంగులూ ఒకేసారి పడే మిషనైతే అక్కడ ఆపి ప్లేటు మార్చాల. ముందే అడగండి. అరుపులు, డప్పు మోతలు మాత్రం ఎరుపులోనో, పసుపులోనో గీయించొద్దు. రంగుల ప్లేట్లోకి పోయిన తెలుగు అక్షరం తమిళ పుస్తకంలో కూడా అట్లే ఉండిపోతాది.

అక్షరాల అక్క

అరుపుల అంచు నలుపుతో గీసి, లోపల తెలుపు వదిలేయమనండి. రెండు భాషలకూ పనికొస్తుంది. తమిళంలో వత్తులు ఉండవు కాబట్టి ఎత్తు మిగులుతుంది, కానీ మాట పొడుగు సాగుతుంది. వెడల్పుగా ఉండే బెలూన్లు వేయించండి, సన్నగా నిలువుగా ఉండేవి వద్దు. ఫైలులో తెలుగు మాటలు ఒక లేయరు, తమిళం ఇంకో లేయరు, బెలూన్ గీతలు మూడో లేయరు. మొదటి రెండు పేజీలు తమిళంలో పెట్టి చూసుకున్నాకే మిగతా 30 పేజీల బెలూన్ సైజులు ఖాయం చేయండి.